చేయించడం పని కాదా?

మొన్న మా ఇంట్లో చిక్కుడుకాయల దగ్గర ఒక గొడవ జరిగింది. గొడవ అంటే కేకలూ అరుపులూ ఏమీ లేవు. కానీ అప్పట్నుంచీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది, మీతో చెప్పుకుంటే తప్ప చల్లారేలా లేదు.

మా తోడికోడలు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. వారానికి రెండు రోజులు ఆఫీసు. తక్కిన మూడు రోజులు మెదక్‌లోనే, మా ముందు గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర. ఆ సాయంత్రం ఆరున్నరప్పుడు మా అత్తమ్మ చాటెడు చిక్కుడుకాయలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"మిషిని పని జేస్తుంటె నువ్వు ఊకె చూసుకుంట కూసున్నవ్ గద బిడ్డా. జర ఇవన్న గిల్లరాదు!"

ఆవిడ కోపంతో అనలేదు. కంటికి కనిపించిందే అంది. తోడికోడలు కూడా మారుమాట్లాడకుండా గిల్లడం మొదలుపెట్టింది. నాలుగు కాయలు గిల్లిందో లేదో, తెర మీద ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. ఆ తడి వేళ్లతోనే "అవును" అని కొట్టేసింది. కొట్టిన మరుక్షణం చాట కింద పెట్టి తల పట్టుకుంది. పొద్దుటి నుంచీ చేయించిన పని, ఇంకా భద్రపరచనిది, తుడిచెయ్యనా అని అడిగిందట అది. ఈమె సరేనంది. అది తుడిచేసింది.

మావారు పేపరు మడిచి ఓదార్పుగా, "రాసేది అదేగా, మళ్లీ రాయమంటే రాస్తుంది. నీకేం పోయిందమ్మా?" అన్నారు. ఆమె పైఅధికారి కూడా ఫోనులో దాదాపు ఇదే మాట అన్నాడు, కాస్త ఇంగ్లీషు కలిపి. ఆ మహానుభావుడే వారం కిందట, "ఇప్పుడు చేసేదంతా ఏజెంట్లేగా, మీరు చూసుకోవడమేగా" అని ఇంకొకరి పని కూడా తెచ్చి ఆమె నెత్తిన పెట్టాడు.

ఈ "చూసుకోవడమేగా" అన్న మాట మీదే నా పేచీ అంతా.

ముందు ఆ తెర సంగతి చెబుతాను. బి.ఏ. చదివి నవలలు రాసుకునే ఈవిడకి ఇవన్నీ ఏం తెలుసనుకుంటున్నారా? రెండు సాయంత్రాలు ఆమె పక్కన కుర్చీ వేసుకు కూర్చుని, ఆమెను విసిగించి తెలుసుకున్నాను. నల్లటి తెర. బొమ్మలుండవు, నొక్కడానికి బొత్తాలుండవు. ఏం కావాలో టైపు చేయడమే. దాన్ని కమాండ్ లైన్ అంటారు. 2025లో క్లాడ్ కోడ్, కోడెక్స్, జెమినీ సీఎల్ఐ అని ఒకదాని వెనక ఒకటి ఈ తెర మీదికి దిగాయి. "ఫలానా చోట లెక్క తప్పు వస్తోంది, సరిచెయ్యి" అని మామూలు మాటల్లో చెబితే చాలు. ఉన్న ప్రోగ్రామంతా అదే చదువుకుంటుంది, అదే దిద్దుతుంది, అదే పరీక్షించుకుంటుంది. అలాంటి పనివాడిని ఏజెంటు అంటారు. ఒక్క పనివాడితో మనిషికి తృప్తి ఎక్కడిది? నలుగురైదుగురిని ఒకేసారి నడిపించడానికి మళ్లీ ఒక మేస్త్రీ పనిముట్టు. క్లాడ్ స్క్వాడ్ అని ఒకటుంది. అది ఏజెంటుకొక నకలు చొప్పున ఇచ్చి, ఒకరి రాత మీద ఒకరు రాయకుండా ఎవరి అరలో వాళ్లని కూర్చోబెడుతుంది. ఎవరు పనిలో ఉన్నారో, ఎవరు అనుమతి కోసం ఆగిపోయారో జాబితా చూపిస్తుంది. ఒకడు "ఈ ఫైలు తీసెయ్యనా" అంటాడు, ఇంకొకడు "అయిపోయింది" అంటాడు, మూడోవాడు చెప్పని పనేదో చేసి కూర్చుంటాడు. చివరికి ఆ నకళ్లన్నీ అసలు ప్రోగ్రాములో కలపాలి. కలిపే ముందు ప్రతి వరుసా చదవాలి.

అదీ మా తోడికోడలి చూసుకోవడం.

చదవడం అంటే మనం మధ్యాహ్నం నడుం వాల్చి సీరియల్ చదివినట్టు కాదు. ఒకసారి ఒక ఏజెంటు పరీక్షలన్నీ నెగ్గాయని చెప్పిందట. తీరా చూస్తే తప్పు దిద్దలేదు, పరీక్షనే మార్చేసింది. ఫెయిలైన పిల్లవాడు మార్కులు దిద్దుకుని ప్రోగ్రెసు కార్డు సంతకానికి తెచ్చినట్టు. ఆ సంతకం పెట్టేది ఈమె. "రేపు ఏమన్న అయితె ఏజెంటుకు మెమో ఇస్తరా అక్కా?" అంది. "నేను రాసిందైతె యాడ తప్పు చేస్తనో నాకు తెలుసు. అది తప్పు గూడ గంత ధైర్యంగ రాస్తది."

ధైర్యం అంటే మామూలు ధైర్యం కాదు. 2025 జులైలో జేసన్ లెమ్కిన్ అనే అమెరికా వ్యాపారి రెప్లిట్ అనే కంపెనీ ఏజెంటుతో పని చేయిస్తున్నాడు. ఏదీ మార్చవద్దని స్పష్టంగా చెప్పి ఉంచాడు. అయినా అది వెయ్యిమందికి పైగా ఉన్న వివరాల పట్టికను తుడిచిపెట్టేసింది. పైగా, పోయింది తిరిగి రాదని చెప్పింది. వచ్చింది! అంటే చేసింది తప్పు, చెప్పింది అబద్ధం. రెప్లిట్ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. అప్రమత్తంగా ఒక మనిషి కూర్చుని లేకపోతే ఆ అబద్ధాన్ని పట్టుకునేదెవరు?

అదే నెలలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. చెయ్యి తిరిగిన 16 మంది ప్రోగ్రామర్లకు వాళ్లకు బాగా అలవాటైన ప్రోగ్రాముల్లోనే 246 పనులు ఇచ్చారు. కొన్ని ఈ కృత్రిమ మేధ సాయంతో, కొన్ని సాయం లేకుండా. అంతా అయ్యాక అడిగితే, సాయం ఉన్నప్పుడు 20 శాతం త్వరగా చేశామన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ సేపు పట్టింది! అప్పటి యంత్రాల కంటే ఇప్పటివి చురుకైనవే, కాదనను. నేను చెప్పేది యంత్రం గురించి కాదు. చూసుకోవడానికి ఎంతసేపు పట్టిందో చూసుకునేవాళ్లకే తెలియలేదు! ఇక పక్కన పేపరు చదువుకునేవాళ్లకేం తెలుస్తుంది?

మన తెలుగులో ఒక చక్కని సదుపాయం ఉంది. కట్టడం, కట్టించడం. వండడం, వండించడం. చేయడం, చేయించడం. మధ్యలో ఒక్క అక్షరం దూరిస్తే చాలు, చెయ్యి మారిపోతుంది. కానీ ఆ అక్షరం మగవాడి పక్కన పడితే ఒక విలువ, ఆడదాని పక్కన పడితే ఇంకో విలువ. మా ఊరి చర్చి చూడండి. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. కరువు రోజుల్లో తిండికి లేని జనానికి పని చూపించి తిండి పెట్టి కట్టించాడని పాస్నెట్ దొరగారిని ఇప్పటికీ తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. "నువ్వు ఒక్క రాయి మోశావా, ఊరికే చూస్తూ నిలబడ్డావుగా" అని ఆయన్నెవరైనా అన్నారా? (రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. అది ఇంకో రోజు ఏడుద్దాం.) అదే ఒక ఇల్లాలు పాలు పొంగకుండా, పిల్లవాడు లెక్కలు ఎగ్గొట్టకుండా, మామగారి బీపీ మాత్ర మరిచిపోకుండా, పనిమనిషి మూల తుడవకుండా పోకుండా ఏకకాలంలో నాలుగు కళ్లేసి ఇల్లు నడిపిస్తే, "ఇంట్లో నీకు పనేముంది, చూసుకోవడమేగా" అంటారు.

కంప్యూటరు పుట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస. అమెరికాలో ఎనియాక్ అనే యంత్రానికి లెక్కలు చేయడం నేర్పింది ఆరుగురు ఆడపిల్లలు. తీగలు మార్చి, మీటలు సర్ది, ఆ గదంత యంత్రం చేత పని చేయించారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించి పండగ చేసుకున్న రాత్రి విందుకి వాళ్లను పిలవనే లేదు. లెక్క చేసింది యంత్రం, కట్టింది మగవాళ్లు, మధ్యలో వీళ్లెవరు అన్నమాట.

ఇప్పుడు మన హైదరాబాదులో పుట్టి మైక్రోసాఫ్ట్‌ను ఏలుతున్న సత్య నాదెళ్ల గారు 2025 ఏప్రిల్‌లో, తమ కొన్ని ప్రాజెక్టుల్లో 20, 30 శాతం కోడు సాఫ్ట్‌వేరే రాసి ఉంటుందన్నారు. ఆ అంకె అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆ 30 శాతాన్ని కూర్చుని చదివిందెవరు, ఎన్ని గంటలు చదివారు అని అడిగిన విలేఖరి మాత్రం నాకు కనిపించలేదు.

నేను యంత్రాలకు శత్రువును కాను. మిక్సీ వచ్చిననాడు రోలు కోసం నేనేం కన్నీళ్లు పెట్టలేదు. కానీ మిక్సీ పచ్చడి నూరుతుంది గనుక ఇక ముగ్గురి వంట నువ్వొక్కదానివే చెయ్యమంటే ఊరుకుంటామా? చదివి సంతకం పెట్టే గంటని గంటగానే లెక్క కట్టండి. దానికి జీతం ఇవ్వండి, దానికి అలసట ఉందని ఒప్పుకోండి. ఐదుగురు ఏజెంట్లని నడిపే మనిషి నెత్తిన ఆరోదాన్ని పెట్టే ముందు, ఆ ఐదింటినీ ఎప్పుడు చదువుతుందో అడగండి.

ఇంకో మాట. మా వీధి చివర ఒక అమ్మాయి ఇంజనీరింగ్ పూర్తి చేసి ఏడాదయింది. ఇంటర్వ్యూకి వెళితే, కొత్తవాళ్లకిచ్చే చిన్న పనులు ఇప్పుడు ఏజెంట్లే చేస్తున్నాయి, అనుభవం ఉన్నవాళ్లు కావాలన్నారట. అనుభవం ఏ సంతలో అమ్ముతారు? మా తోడికోడలు ఆ తప్పుల్ని పట్టుకోగలుగుతోందంటే, పదేళ్లు ఆ చిన్న పనులు తన చేత్తో చేసి, చీవాట్లు తిని, రాత్రుళ్లు కూర్చుని దిద్దుకుంది గనుక. ఒక్క అట్టూ మాడ్చని మనిషికి వెనక గదిలో ఉండగా అట్టు మాడే వాసన ఎలా తెలుస్తుంది? ఈ అమ్మాయిల చేతికి పని ఇవ్వకుండా, ఇంకో పదేళ్లకి చేయించేవాళ్లను ఎక్కణ్నుంచి తెస్తారో ఆ కంపెనీల వాళ్లే చెప్పాలి.

ఇదంతా ఆ రాత్రి మావారితో అంటే, "సరే తల్లీ, ఆ చాట ఇలా తే" అన్నారు. మిగిలిన చిక్కుడుకాయలన్నీ టీవీ ముందు కూర్చుని గిల్లారు. అరగంటలో "అయిపోయింది" అని చాట తెచ్చి గర్వంగా వంటింటి గట్టు మీద పెట్టారు. మా అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. సగం కాయలకు ఈనెలు అలాగే ఉన్నాయి, రెండింట్లో పురుగులున్నాయి. ఆవిడ కింద కూర్చుని మొదటి కాయ నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

తొమ్మిదిన్నరకి నేను గిన్నెలు సర్దుకుని వచ్చేసరికి నడుం పట్టుకుని లేస్తోంది.

"ఇంతసేపు ఏం చేశారత్తమ్మా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. ఊకె చూసిన, గంతె."