తీగకు నూరేళ్లు, ధరకు మూడేళ్లు

2023 సెప్టెంబరులో, ఢిల్లీలో జీ20 సమావేశాలు జరిగిన రోజుల్లోనే, అమెరికాతో ఉన్న వాణిజ్య వివాదాన్ని తీర్చుకోవడంలో భాగంగా కొన్ని అమెరికా సరుకుల మీద దిగుమతి సుంకం తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ జాబితాలో క్రాన్‌బెర్రీ ఉంది. మన పల్లెల్లో దాన్ని చూసినవాళ్లు తక్కువ. పట్నంలో పెద్ద దుకాణాల అరల్లో ఎండబెట్టి, చక్కెర పట్టించిన ఎర్రటి పండ్ల ప్యాకెట్లు కనిపిస్తాయే, అవే. సుంకాల సంగతి మనం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి ఆ పండు పండించే రైతు గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. అమెరికా రైతంటే సబ్సిడీల మీద సుఖంగా బతికేవాడన్న మాట మన సభల్లో కూడా వినిపిస్తుంటుంది. అక్కడి గోధుమ, మొక్కజొన్న, పత్తి రైతులకు ఉన్న ధర హామీ పథకం క్రాన్‌బెర్రీ రైతుకు లేదు. ఆ రైతు ఇరుక్కున్న చోటేమిటో తెలియాలంటే ముందు మొక్కను చూడాలి.

క్రాన్‌బెర్రీ ఎరికేసీ కుటుంబానికి చెందిన పొద. పొద అన్నామే గానీ మోకాలెత్తు కూడా ఉండదు. నేల మీద గజాల కొద్దీ తీగలు పాకుతాయి, వాటి మీద జానెడు నిలువు కొమ్మలు లేస్తాయి. కాయ కాసేది ఆ నిలువు కొమ్మలే. ఆకు చిన్నది, తోలులా మందంగా ఉంటుంది, చలికాలంలో కూడా రాలదు. చలి ముదిరితే ఎరుపు తిరిగి, వసంతంలో మళ్లీ పచ్చబడుతుంది. వచ్చే ఏడాది కాపుకు మొగ్గ ఈ ఏడాది వేసవి చివర్లోనే కొమ్మ కొనలో కడుతుంది. ఆ మొగ్గ విచ్చుకోవాలంటే వెయ్యి గంటలకు తక్కువ కాకుండా చలి తగలాలి. అంటే రైతు ఏ రోజు చూసినా మడిలో ఉన్నది రెండేళ్ల పంట. ఒక వడగళ్ల వాన పడితే ఈ ఏటి కాయతో పాటు వచ్చే ఏటి మొగ్గ కూడా పోవచ్చు.

నేల దగ్గర ఈ మొక్క మరీ మొండిది. పీహెచ్ 4 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లటి నేల కావాలి. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్న చిత్తడి నేలలు దాని పుట్టిల్లు. దీని వేరు దారప్పోగంత సన్నం, నూగు వేళ్లు ఉండవు. వేరులో కాపురముండే ఒక శిలీంధ్రం కుళ్లిన పదార్థంలోంచి నత్రజని తీసి మొక్కకు అందిస్తుంది. నైట్రేటు రూపంలో వేస్తే సరిగా తీసుకోదు, అమ్మోనియం రూపంలోనే కావాలి. అది కూడా ఎకరాకు పది నుంచి పాతిక కిలోల నత్రజని చాలు. మించితే తీగ బలుస్తుంది, కాయ తగ్గుతుంది. సున్నం పాలు ఎక్కువున్న మన నల్లరేగళ్లలో పీహెచ్ సాధారణంగా 7.5 దాటే ఉంటుంది. అలాంటి చోట నాటితే ఇనుము అందక ఆకు పసుపు తిరిగి చస్తుంది. ఫోన్లలో వీడియోలు పెట్టి విదేశీ బెర్రీ మొక్కలు అమ్ముతామనేవాళ్లను ముందు పీహెచ్ ఎంత, చలి ఎన్ని గంటలు అని అడగండి. ఎక్కువమంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు. పుల్లటి ఎర్ర కాయే కావాలనుకుంటే రాళ్ల గట్టు మీద నీళ్లు పోయకపోయినా కాసే వాక్కాయ మనకుంది. దీనికీ దానికీ చుట్టరికం లేదు, పప్పులోకి మాత్రం వాక్కాయే మేలు.

ఎర్రటి పండ్ల మధ్య నడుము లోతు నీళ్లలో నిలబడ్డ రైతు బొమ్మ చూసి ఇది నీళ్లలో పెరిగే పంట అనుకుంటారు. కాదు. పెరిగే కాలంలో మడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. నీళ్లు పెట్టేది కోతకు, చలికి. కాయ లోపల నాలుగు గాలి అరలుంటాయి, అందుకే తేలుతుంది. మడి నింపి, యంత్రంతో తీగను కదిపి, తేలిన కాయను ఒక మూలకు తోస్తారు. చలికాలపు నీటి కథ ఇంకోటి. నేల గడ్డకట్టినప్పుడు వేరు నీళ్లు తాగలేదు. ఆకు రాల్చే మొక్కయితే రాల్చేసి బతుకుతుంది. దీనికి ఆకు ఉండనే ఉంది, చలిగాలి ఆ ఆకులోని తేమను లాగేస్తుంది. అందుకే మడి నింపి తీగను మంచు పలక కింద దాస్తారు. ఆ పలక మీద రెండు మూడేళ్లకోసారి ఇసుక పరుస్తారు. మంచు కరిగితే ఇసుక తీగ మీదకు దిగి కొత్త కొమ్మలు లేస్తాయి, పురుగు అణుగుతుంది. గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడ్డ చోట కాపు బాగుందని 1816 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని డెన్నిస్ ఊళ్లో హెన్రీ హాల్ అనే రైతు గమనించాడు. సాగు అక్కడి నుంచే మొదలైంది. ఈ మధ్య చలికాలాలు వెచ్చబడి, బండి మోయగలిగినంత మందంగా మంచు కట్టని ఏళ్లు వస్తున్నాయి.

ఇంత కట్టుబడి ఉన్న మడి నాటాక మంచి కాపుకు రావడానికి మూడు నుంచి ఐదేళ్లు. వచ్చాక వందేళ్లు దాటి కాస్తున్న తీగలు కూడా ఉన్నాయి. చదును చేసి, ఇసుక పోసి, గట్లు, తూములు, స్ప్రింక్లర్లు కట్టిన నేలలో మరో పంట వేద్దామంటే కుదరదు.

ఇప్పుడు ధర. అక్కడ లెక్క బ్యారెల్‌లో, అంటే సుమారు 45 కిలోలు. 1990ల మధ్యలో బ్యారెల్ 60 డాలర్లు దాటింది. అది చూసి విస్కాన్సిన్‌లో, కెనడాలోని క్యూబెక్‌లో కొత్త మడులు వెలిశాయి. నాటిన వాళ్లందరిదీ మూడు నాలుగేళ్ల తర్వాత ఒక్కసారే కాపుకొచ్చింది. 1999లో బ్యారెల్ 20 డాలర్ల లోపుకు పడింది. వరి రైతయితే మరుసటి కారుకు పంట మార్చుకుంటాడు. వీళ్లు ఏం మార్చుకోవాలి? మసాచుసెట్స్‌లో కొందరు ఇసుక అమ్ముకుంటున్నారు, కొందరు సోలార్ పలకలకు చోటిచ్చారు, కొందరు ప్రభుత్వ సాయంతో మడులను తిరిగి చిత్తడి నేలలుగా వదిలేస్తున్నారు.

వాళ్లకు సంఘం లేకా? ఉంది, బలమైనదే. 1930లో మొదలైన ఓషన్ స్ప్రే సహకార సంఘానికి ఇప్పుడు 700 దాకా రైతు కుటుంబాలు యజమానులు. ఫ్యాక్టరీలు వాళ్లవే, బ్రాండూ వాళ్లదే. సంఘం బయట ఉన్న రైతులకు సభ్యులకొచ్చే దాంట్లో సగం కూడా రాని ఏళ్లు ఉన్నాయి కాబట్టి సంఘం వల్ల లాభం లేదనలేం. కానీ సంఘం మడుల విస్తీర్ణాన్ని ఆపలేకపోయింది. 1962 నుంచి ఉన్న మార్కెటింగ్ ఉత్తర్వు కింద ప్రభుత్వం చేయగలిగింది కోత పెట్టడమే. 2000లో, 2001లో పెట్టింది. 2018 పంటకైతే రైతు గత అమ్మకాల్లో మూడొంతుల వరకే మార్కెట్‌కు అనుమతించింది. మిగిలింది పారబోశారు. పండిన పంటను పారబోయడాన్ని పరిష్కారం అనడానికి మాకు నోరు రావడం లేదు.

ఇదంతా రాయడానికి కారణం మన దగ్గరి ఆయిల్ పామ్. నాటాక నాలుగో ఏట కాపు, ఆ తర్వాత పాతికేళ్లకు పైగా తోట. 1993 చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకో ముందే ఖాయం. కోసిన గెలను దాచుకోలేం, ఒకటి రెండు రోజుల్లో మిల్లు చేరాల్సిందే. 2022లో టన్ను 20 వేల రూపాయలు దాటిన ధర మరుసటి ఏడాదికి బాగా పడిపోయింది. అయినా ఏటా ఎకరాల లక్ష్యాలు పెట్టి నాటిస్తున్నారు. ఒకే ఏడాది నాటినవన్నీ ఒకే ఏడాది కాపుకొస్తాయన్న లెక్క లక్ష్యాలు పెట్టేవాళ్లకు తెలియనిది కాదు. 2025లో చిత్తూరు తోతాపురి మామిడికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. అది కాయ చెట్టు మీద పండుతుండగా చేసిన ఏర్పాటు.

పాతికేళ్ల తోట నాటమని చెప్పే శాఖ, మొక్కతో పాటే ఆ పాతికేళ్లకు కనీస ధర లెక్కగట్టే పద్ధతిని రాతపూర్వకంగా రైతు చేతిలో పెట్టాలని మేము కోరుతున్నాం. సాగు ఖర్చు పెరిగినప్పుడల్లా అది సవరించాలి. మిల్లు కట్టని చోట మొక్కలు పంచడం ఆపాలి. వచ్చే నెల మండల సమావేశాల్లో సభ్యులు తమ తోట వయసు, ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు, టన్నుకు వచ్చిన ధర రాసి తెస్తే వినతిపత్రానికి జతచేస్తాం.