కొలత తెలియని నమూనాలు

అమరావతి పురావస్తుశాలకు బోయినవారు మహాచైత్యపు నమూనాను చూచియే యుందురు. చూచి, ఆహా, ఇట్లుండెడిది గదా యని నిట్టూర్చి మరలివత్తురు. ఆ నిట్టూర్పు సహజమే. కాని యా నమూనాలో నెంతభాగము నిశ్చయమో, ఎంతభాగ మూహయో యడిగినవారు నూటి కొక్కరైన నుందురా?

చైత్యపు వ్యాసము సుమారు 50 మీటర్లని పునాది చెప్పుచున్నది. నాలుగు దిక్కుల నైదేసి ఆయకస్తంభములు నిలిచియుండెనని శిలలు చెప్పుచున్నవి. అండపు టెత్తును నిశ్చయముగ జెప్పగల సాక్షి మాత్రము మిగులలేదు. నాటి శిల్పులు చైత్యరూపమునే పలకలపై జెక్కియుంచిరి గావున, వానినిబట్టి నేటివారు పైభాగము నూహించిరి. ఒకవిధముగ అమరావతికి తొలి నమూనాకారులు ఆ శిల్పులే. అయినను వారు భక్తితో జెక్కిరే కాని కొలబద్ద చేతబట్టి చెక్కలేదు.

మూలకట్టడ మేమైనది? 1816లో మెకంజీ పరివారము వచ్చి కొలతలు గైకొని చిత్తరువులు వ్రాయునాటికే దిబ్బ చాలవరకు గుల్లయైయుండెను. పలకలు కొన్ని మెట్లకును గోడలకును బోయినవి. కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1845లో ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరి, అందు పెక్కు 1859లో లండనుకు తరలినవి. మన శిల్పసంపదను పరులు గొనిపోయిరని వగచుట న్యాయమే. మరల నిమ్మని యడుగుటయు న్యాయమే. కాని సున్నము గాల్చినది మనవారే గదా! ఆ పరదేశి వ్రాయించిన చిత్తరువులు లేకున్నచో నేడీ నమూనాకు గల యాధారములలో సగమైన నుండకపోవును. చేదైనను ఈ మాట మ్రింగవలసినదే.

నాగార్జునకొండ కథ వేరు. అచ్చట నాశనము ముందుగా కబురంపి వచ్చినది. సాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున లోయనంతయు త్రవ్వి, కొలిచి, ఛాయాచిత్రములు దీసిరి. కొన్ని కట్టడములను కొండపైని, అనుపులోను మరల నిలిపిరి. మరికొన్నింటికి చిన్న ప్రతిరూపములు గట్టిరి. మునిగిన లోయకు నమూనా పురావస్తుశాలలో నున్నది. ఇక్ష్వాకుల కాలమున కృష్ణయొడ్డున పుష్పభద్రస్వామి కాలయముండెనని నేటి విద్యార్థి చెప్పగలుగుట ఆ యారేండ్ల శ్రమయొక్క ఫలమే. అది మూలమునకు సాటి కాదు. అయినను అబద్ధము కాదు.

ఈ రెండింటికి నడుమ గల భేదమును మన ధర్మకర్తలు గ్రహింపవలయును. ఏలయన, నేడు ఆనకట్ట లేకయే మన గ్రామములలో ఆలయములు మునుగుచున్నవి. జీర్ణోద్ధారణమను పేర పాతమండపమును పడగొట్టి సిమెంటు మండపమును లేపుదురు. శాసనమున్న రాతిని తిరుగవేసి గచ్చులో బఱచుదురు. శిల్పములకు రంగునూనె పూయుదురు. ఇది చేయువారు దుష్టులు కారు, పరమభక్తులు. అందుచేతనే అడ్డు చెప్పుట కష్టము. పడగొట్టిన పిదప ఆ యూరి పిల్లలకు పాతగుడి యెట్లుండెనో చెప్పుటకు పెండ్లిఫొటోలో వెనుకభాగమున గనిపించు గోపురము తప్ప వేరొండు మిగులదు.

కావున మేము కోరునది స్వల్పము. పురాతనాలయములో ఒక్క రాయి కదల్చుటకు ముందు నాలుగువైపుల కొలతలు దీయవలెను; ప్రతిశాసనమునకు నకలు దీయవలెను. కాంతికిరణములతో కొలుచు యంత్రములు వచ్చిన యీ దినములలో నిది యేండ్లు పట్టు పని కాదు. ఆ కొలతలతో ఇరువదవ వంతు పరిమాణమున నొక నమూనా చేయించి, ఊరి గ్రంథాలయముననే యుంచవలెను. సాక్ష్యమున్న భాగమునకొక వర్ణము, ఊహించిన భాగమునకొక వర్ణము వేసి, క్రింద తెలుగున నామాట వ్రాయవలెను. అమరావతి నమూనాకును ఇట్టి పలక యొకటి తగిలించిన దాని గౌరవము తగ్గదు.

వ్యయమందురా? ధ్వజస్తంభపు ఇత్తడితొడుగునకు వీథివీథి తిరిగి చందాలు వసూలు చేయు ఊళ్లను మేమెఱుగుదుము. రాబోవు జీర్ణోద్ధారణ తీర్మానములలో కొలతల పద్దును తొడుగు పద్దుకంటె ముందు వ్రాయింపుడని ధర్మకర్తలను కోరుచున్నాము.