ఇరుగుపొరుగుల అంతర్జాలము

ఆళ్లగడ్డ శిల్పి యొకడు తాను చెక్కుచున్న విగ్రహమును పనిశాలలోని కెమెరా ద్వారా నంద్యాల బేరగానికి నేరుగా చూపదలచెననుకొందము. రెండూళ్ల నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. కాని శిల్పి యొక కంపెనీకిని, బేరగాడు వేరొక కంపెనీకిని చందాదారులైనచో, ఆ కంపెనీల తీగెలు జిల్లాలో ఎచ్చటను కలియనిచో, ఆ దృశ్యము హైదరాబాదుకో చెన్నైకో పోయి, అచ్చట చేతులు మారి, తిరిగి నంద్యాలకు రావలసినదే. పొరుగింట నిప్పుండగా పొలిమేర దాటి తెచ్చుకొన్నట్లున్నది.

ఇందలి ఆలస్యమును గూర్చి మాకు విచారము లేదు. గాజుతీగెలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును; రెప్పపాటులో చెన్నైకి పోయి వచ్చును. మా విచారమెల్ల ఆ దారి ఖర్చును గూర్చియే.

అంతర్జాల కంపెనీలు సరకు మార్చుకొనుటకు రెండు పద్ధతులు గలవు. సమానులిద్దరు ఒకరి చందాదారుల సరకు నింకొకరు సాధారణముగా రుసుము లేకయే పుచ్చుకొనుట పియరింగు. పెద్దవానికి సొమ్మిచ్చి లోకమంతటికిని దారి కొనుట ట్రాన్సిట్టు. ఈ రెండవదాని లెక్క చిత్రమైనది. ఐదేసి నిమిషముల కొకమారు ప్రవాహమును కొలిచి, నెలలోని కొలతలలో మిక్కిలి హెచ్చైన నూటికి 5 పాళ్లను విడిచి, మిగిలినవానిలో పెద్దదానికి కిరాయి కట్టుట పలుచోట్ల ఆచారము. విడిచినది నెలకు 36 గంటలు మాత్రమే. ప్రతిరాత్రి రెండేసి గంటలు ఊరంతయు క్రికెట్టు చూచెనేని, ఆ రద్దీయే నెల కిరాయిని నిర్ణయించును. దీనికితోడు నగరమునుండి నంద్యాలకు తెచ్చు దారి కిరాయి వేరు. నగరమున అమ్మువారు పలువురగుటచే ధర దిగును. దారి ఒకరిద్దరి చేతనే యున్నచోట ధర అమ్మువాని నోట నుండును. ఆ భారమును తుదకు మోయువాడు చందాదారుడే.

దేశీయమగు సరకు విదేశములకు పోయి రాకుండుటకై 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజి ఆఫ్ ఇండియా యను లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడి, మహానగరములలో కంపెనీలు కలిసికొను కూడళ్లను నెలకొల్పెను. దేశము విదేశమునకు కప్పము కట్టరాదన్న న్యాయము, నంద్యాల నగరమునకు కప్పము కట్టరాదనుటకు ఏల చెల్లదు?

ఇట్టి యత్నములకు ప్రతిబంధకము ఎక్కడనుండి వచ్చునో కెన్యా చరిత్ర చూపుచున్నది. నైరోబీలో అంతర్జాల కంపెనీలు కలిసి 2000 నవంబరులో కూడలిని తెరచెను. విదేశ మార్గమున గుత్తాధికారము గల టెల్కం కెన్యా ఫిర్యాదు చేయగా, రెండు వారములైనను గడువకమునుపే నియంత్రణ సంస్థ దానిని మూయించెను. నిర్వాహకులు పట్టు విడువక అనుమతి సాధించి 2002 ఫిబ్రవరిలో మరల తెరచిరి. 2012లో ఆ దేశపు సరకులో నూటికి 30 పాళ్లు మాత్రమే స్వదేశమున మారుచుండగా, 2020 నాటికి అది 70 పాళ్లయ్యెనని ఇంటర్నెట్ సొసైటీ లెక్కించినది.

"ఆళ్లగడ్డకు నంద్యాలతో ఏపాటి రాకపోకలు? జనులు చూచునది గూగులు వారి వీడియోలు, సినిమాలే గదా?" యని కొందరనవచ్చును. నిజమే. కూడలి యవసరమును చూపునదియు ఆ నిజమే. కేసీ కాలువ నీటితో చెరువు నొకమారు నింపుకొన్న యూరు కడవ కడవకు కాలువకు పరుగెత్తదు. అట్లే గూగులు, నెట్‌ఫ్లిక్సు మున్నగు కంపెనీలు జనులు తరచుగా చూచు చిత్రములను నిలువచేయు యంత్రములను తమ ఖర్చున స్థానిక కంపెనీలకు ఇచ్చుచున్నవి. కాని రద్దీ ఒక మట్టము దాటినవారికే ఇత్తురు. చిన్న కేబులు ఆపరేటరు ఒక్కడు ఆ మట్టము నందుకొనలేడు. పదిమంది కలిసినచో అందుకొనవచ్చును.

కావున మా సూచన యిది. నంద్యాల, ఆళ్లగడ్డల ఆపరేటర్లు సహకార సంఘముగా నేర్పడి నంద్యాలలో ఒక కూడలిని తెరువవలెను. అది ఏ యొక్క కంపెనీ సొత్తును కారాదు. దానికి ముఖ్యముగా కావలసినవి ఒక గది, ఒక స్విచ్చి, ఎడతెగని విద్యుత్తు, పరస్పర విశ్వాసము. కరెంటు స్తంభములమీదుగా తీగెలు పరచి 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్టు ప్రభుత్వ సంస్థ. నగరమునుండి నంద్యాలకు దారి కిరాయిని అందరికి ఒక్కటే రేటున బహిరంగముగా ప్రకటించి అమ్ముట దాని విధి.

2025 అక్టోబరులో విశాఖపట్టణమున సముద్రపు తీగెల ద్వారము రాగలదని గూగులు ప్రకటించినది. సంతోషమే. కాని కాలువ తలుపు తెరచినంతనే పొలము తడియదు, పిల్లకాలువ కావలెను. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనది. పిల్లకాలువ త్రవ్వుకొను పని మాత్రము ఊరివారిదే.