విడిదిలో మిగిల్చేది

బదిలీ ఉత్తర్వులు అందిన వారమే, పిల్లల కోరికపై డుమస్ తీరమున సముద్రానికి ఎదురుగా ఉన్న గదిలో ఒక రాత్రి బస చేశాము. మరునాడు వారికి సూరత్ నగరంలోని మొగల్ సరాయిని చూపించాను. షాజహాన్ కాలమున, 1644లో, హజ్ యాత్రికుల విడిదిగా నిర్మితమైన కట్టడమది. మక్కాకు ద్వారమని పేరొందిన ఈ రేవులో ఓడకై వేచియున్న పరదేశులకు నీడనిచ్చినది. 1867లో పురపాలక కార్యాలయం అందులోనికి వచ్చినది. బస చేసినవారు వెళ్ళిపోయారు. నీడ మాత్రం నిలిచినది.

పెరటిలోని కరివేపాకు మొక్కను పెకలించి వెంట తీసుకుపోదలచిన మా శ్రీమతి, క్వార్టరు ఖాళీ చేసేనాడు, “ఉండనివ్వండి, వచ్చేవారికి పనికివస్తుంది” అన్నది. విడిదిని వీడేవారు మిగల్చవలసినది అదియే కదా!