మనం మర్చిపోలేదు, మాన్పించిండ్రు

చలి మొదలైతే చాలు, ఫోన్ల నిండా ఒకటే మాట. "మర్చిపోయిన వంటలు", "అమ్మమ్మల కాలం తిండి", "చలి రాత్రుల్లో ఇంటిల్లిపాది కూర్చుని తినే పాత రుచులు". హైదరాబాద్ హోటళ్లలో జొన్న గటకకు మెనూ కార్డు మీద చోటు దొరికింది. సామలు, కొర్రలు అద్దాల షాపుల్లో ప్యాకెట్లయి కిలో వంద రూపాయల పైనే పలుకుతున్నయ్. వండేటోళ్లు, తినేటోళ్లు, వీడియో తీసేటోళ్లు అందరూ చెప్పేది ఒక్కటే: "మనం వీటిని మర్చిపోయాం."

ఈ "మనం" ఎవరు?

మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ, గూడూరు మండలాల కోయగూడేలకు పోయి అడగండి. భూపాలపల్లి జిల్లా మహాముత్తారం, పలిమెల అడవి పక్క ఊర్లల్ల అడగండి. గటకకు జొన్న ఎంత బరకగా ఇసరాల్నో, ఇప్పపువ్వును ఎంతసేపు ఏయించాల్నో, ఏ గడ్డను ఉడకబెట్టాలె, ఏ గడ్డను నిప్పుల్ల కాల్చాలె, ఏ గడ్డ చేదును నీళ్లల్ల ఊరబెట్టి తియ్యాలె, మన ముసలమ్మలు ఇప్పటికీ చెప్తరు. మర్చిపోవడం వేరు, మానుకోవడం వేరు, మాన్పించడం వేరు. మన తిండిది మూడో కథ. ఈ తేడా చెప్పకుండా వంటల గురించి ఎంత తియ్యగా మాట్లాడినా అది మనకు అన్యాయమే.

చలికాలం కంచంలో ఏముండేదో ఒకసారి చూద్దాం. పోడు చేనుల ఒక్క పంట వేయరు. జొన్న, సామ, కంది, బొబ్బర, నువ్వు, మక్క, గట్టు మీద చిక్కుడు తీగ, అన్నీ ఒక్కచోటనే. సామ ముందు కోతకు వస్తది, తర్వాత జొన్న, ఆ తర్వాత కంది. అంటే చలి ముదిరేనాటికి ఇంట్లో కొత్త గింజ ఉంటది. రాత్రికి ఉడుకుడుకు గటక, దానిమీదికి చిక్కుడు గింజల కూరనో ఎండుచేపల పులుసో. నెగడు కాడ కూసున్న పిల్లలకు ఉడకబెట్టిన కందికాయ, బొబ్బర గుడాలు. అడవిల తీగ ఎండినంక తవ్వి తెచ్చిన గడ్డలు. ఎండకాలం మొదట్ల తెల్లారకముందే ఏరి, ఎండబెట్టి, దాచుకున్న ఇప్పపువ్వును ఏయించి నువ్వులతో దంచి చేసిన ముద్ద. కొత్త పంటను దేవునికి పెట్టకముందు నోట్ల వేసుకోకపోవడం మన కట్టు. అందుకే కొత్తల పండుగ అంటే మనకు మొక్కు ఒక్కటే కాదు, ఊరంతా కలిసి తినుడు కూడా.

ఇందుల ఏ ఒక్క వంటకైనా పుస్తకం చూడాల్సిన పని లేదు. కావాల్సింది చేను, అడవి, ఇంటికాడ మనుషులు. ఈ మూడింటిని ఒక్కొక్కటిగా మన నుంచి దూరం చేసిండ్రు.

మొదలు చేను. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి అడవి భూమి సాగు చేసుకుంటున్న ఆదివాసులకు హక్కు ఉందని చెప్పింది. కానీ 2015ల హరితహారం మొదలైనంక ఏం జరిగిందో పోడు ఊర్లకు తెలుసు. దున్నుకునే చేనుల కందకాలు తవ్విండ్రు, జొన్న ఉండాల్సిన కాడ నర్సరీ మొక్కలు నాటిండ్రు. అడ్డం పోయినోళ్ల మీద కేసులు పెట్టిండ్రు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలుపెట్టి, రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా ఇస్తున్నమని అప్పటి ప్రభుత్వం చెప్పింది. వచ్చినోళ్లకు సంతోషమే. రానోళ్ల సంగతేంది? ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి భూపాలపల్లి, ములుగు అడవుల్లో బతుకుతున్న గొత్తికోయల సంగతేంది? వాళ్ల గుడిసెలు ఎప్పుడు పీకేస్తరో వాళ్లకే తెలియదు. రేపు ఈ చేనుల ఉంటమో లేదో తెలియని మనిషి వచ్చే ఏడాదికి విత్తనం ఎందుకు దాస్తడు?

పట్టా వచ్చిన చేనుల మాత్రం జొన్న పండుతుందా? ఎక్కువ కాడ పత్తి, మిర్చి, మక్క. జనగామ మెట్ట భూముల్లోనూ అంతే, జొన్న పోయి పత్తి వచ్చింది, నీళ్లు వచ్చిన కాడ వరి వచ్చింది. ఇది రైతుల ఆశ అని కొట్టిపారేయడం సులువు. పత్తి గింజలు, మందులు దుకాణపాయన అప్పు మీద ఇస్తడు. సామ ఏస్తనంటే అప్పిచ్చేటోడు ఎవడు? కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నయ్. సామ, కొర్ర లేవు. పత్తి నమ్ముకున్న ఉమ్మడి వరంగల్ రైతులు 1997-98ల ఎట్ల పురుగుల మందు తాగి చనిపోయిండ్రో రాష్ట్రమంతా చూసింది. ఆ తర్వాత కూడా మన ముందర పెట్టిన దారి పత్తే.

రెండోది అడవి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు 1950ల మొదట్ల నుంచే ఉన్నయ్. అడవి జంతువులకు గీత గీసిండ్రు, ఆ గీత లోపల వందల ఏండ్ల నుంచి గడ్డలు, ఆకులు, తేనె తెచ్చుకుంటున్న మనుషులను మాత్రం దొంగల లెక్క చూసిండ్రు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ఏం చెప్తది? చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఉందని. ఆ ఉత్పత్తుల లెక్కలో తేనె, వెదురుతో పాటు దుంపలు, వేర్లు కూడా ఉన్నయ్. 1996 నాటి పెసా చట్టం కూడా ఆ హక్కును గ్రామసభకే ఇచ్చింది. చట్టం పుస్తకంలో గడ్డ మనది. అడవిల తవ్వబోతే అది "ఫారెస్టు" ది.

ఇప్పపువ్వు కథ ఇంకా అన్యాయం. మనకది తిండి, మందు, దేవుని కాడ పెట్టే నైవేద్యం. గింజ నుంచి నూనె వస్తది. సర్కారుకు మాత్రం ఇప్పపువ్వు అంటే గుర్తొచ్చేది సారా ఒక్కటే. ఈ చూపు కొత్తది కాదు. 1892లనే బొంబాయి ప్రెసిడెన్సీల బ్రిటిషోళ్లు ఇప్పపువ్వు మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేసిండ్రు. అడవి జనం ఆకలి తీర్చే పువ్వు వాళ్లకు ఎక్సైజు ఆదాయానికి అడ్డంగా కనపడ్డది. తెల్లోళ్లు పోయిండ్రు, ఆ చూపు పోలేదు.

మూడోది ఇంటికాడ మనుషులు. చలికాలంలో కుటుంబమంతా కలిసి తినే రాత్రి బువ్వ అంటున్నరు కదా, అసలు చలికాలంలో మన ఇంట్ల ఎవరుంటున్నరు? పిల్లలు ఆశ్రమ హాస్టళ్లలో. అమ్మానాన్నలు పత్తి ఏరుడు అయిపోంగనే మిర్చి ఏరను కూలికి. ముసలోళ్లు ఇద్దరు ఇంటికాడ. ఆ ఇద్దరి కోసం ఇసుర్రాయి ఎవరు తిప్పుతరు? ఏడెనిమిదేండ్లకు హాస్టల్ల చేరిన పిల్ల పది అయ్యేదాక ఏడాదిలో పది నెలలు అక్కడి అన్నమే తింటది. అక్కడ గుడ్డు పెడ్తున్నరు, సన్నబియ్యం పెడ్తున్నరు, మంచిదే, వద్దనం. గటక మాత్రం లేదు. తన ఇంటి తిండి పేరు పుస్తకంలనూ లేక, పళ్లెంలనూ లేక పెరిగిన పిల్ల, సెలవులకు ఇంటికి వచ్చి గటక వద్దంటే తప్పు పిల్లది కాదు.

ఇక్కడ బియ్యం మాట నిజాయితీగా మాట్లాడాలె. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మన ఇండ్లల్ల ఆకలి నెలలు తగ్గినయ్. ఆ మాట కాదనేటోడు ఆకలి తెలియనోడు. ఇంకో సంగతి, సామలు దంచుడు మామూలు కష్టం కాదు. పొట్టు గట్టిగ ఉంటది. రోట్లె పోసి దంచి, చెరిగి, మళ్లా దంచి, గంటల తరబడి చేస్తె ఒక పూట కుండకు సరిపోయేంత. ఆ చాకిరీ అంతా ఆడోళ్లదే. రేషన్ బియ్యం వాళ్ల రెక్కలకు ఇంత తెరిపి ఇచ్చింది. అందుకే "పాత రోజులు బంగారం" అని పాట పాడే మగోళ్లను నేను ఒక్కటే అడుగుత: అన్నా, రోకలి నువ్వు పడ్తవా? పట్టకపోతే ఆ పాట ఆపి, ఊరికో పొట్టు తీసే మిల్లు కావాలని నాతో కలిసి అడుగు.

కొంతమంది మన చదువుకున్న తమ్ముళ్లు అంటరు, "లోకం ముందుకు పోతుంటే మనం మళ్లా గటకకు పోవుడేంది?" తమ్మీ, లోకం ఎటు పోతుందో చూడు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఆ ప్రతిపాదన పెట్టింది మన దేశమే. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటదని, తెల్లబియ్యంలో పది కూడా ఉండుడు కష్టమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలే చెప్తున్నయ్. పట్నం షుగర్ డాక్టరు రాసిచ్చే తిండి, మన తాత తిన్న తిండి. వాళ్లు తింటే ఆరోగ్యం, మనం తింటే వెనుకబాటు. ఈ సిగ్గు మనకు పుట్టుకతో రాలేదు, నేర్పిండ్రు.

చేయాలనుకుంటే చేయొచ్చని ఇంకో రాష్ట్రం చూపించింది. ఒడిశా 2017ల మిల్లెట్ మిషన్ పెట్టి, ఆదివాసీ రైతుల కాడ రాగులు మద్దతు ధరకు కొని, అక్కడి రేషన్ షాపుల్లనే ఇచ్చింది. అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డు పెట్టింది. మన ఉట్నూరుల ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డు చేసి హాస్టల్ పిల్లలకు అందించిండ్రు. ఇక్రిశాట్ సాయంతో "గిరి పోషణ" పేరు మీద ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏలల్ల చిరుధాన్యాల తిండి పెట్టిండ్రు. అంటే దారి ఉంది. పథకం పేరుకు నాలుగు రోజులు కాకుండా, ఏడాది పొడుగూతా, మన గింజ మన పిల్లల పళ్లెంల పడాలె.

జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 తీసి చదవండి. ఆహారధాన్యాలు అంటే బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలు అని రాసి ఉంది. జొన్న, రాగి ఇవ్వొద్దని ఏ చట్టం చెప్పలేదు. 2025 ఉగాదికి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇయ్యగలిగిన సర్కారు, ఏజెన్సీ మండలాల్లో అందులో రెండు కిలోలు జొన్ననో రాగో ఇస్తమంటే ఎవరు అడ్డం వస్తరు?

కాబట్టి మన డిమాండ్లు:

ఒకటి. పెండింగ్ ల ఉన్న పోడు దరఖాస్తులన్నీ గ్రామసభల ముందర తేల్చాలె. ఒక్కొక్కరికి పట్టాతో పాటు ఊరుమ్మడి అడవి హక్కు పత్రాలు కూడా ఇయ్యాలె. జిల్లాలు ముక్కలయినంక కలెక్టరు ఒక జిల్లాలో, ఐటీడీఏ ఇంకో జిల్లాలో ఉండి, మహబూబాబాద్, భూపాలపల్లి ఆదివాసులు రెండు ఆఫీసుల నడుమ తిరిగే గతి పోవాలె.

రెండు. ఏజెన్సీ రేషన్ షాపుల్లో జొన్న, రాగి పెట్టాలె. అవి మన చేన్ల కాడనే కొనాలె. సామకు, కొర్రకు రాష్ట్రమే ధర కట్టాలె.

మూడు. ఆశ్రమ పాఠశాలల్లో వారానికి రెండు పూటలన్నా గటక, జావ, ఆకుకూర, చిక్కుడు, ఆ ఊరి తిండి. వండేది ఆ ఊరి ఆడోళ్లే కావాలె, కూలి సక్కగ ఇయ్యాలె.

నాలుగు. పంచాయతీకో చిన్న పొట్టు తీసే మిల్లు, మహిళా సంఘం చేతిల.

ఐదు. ఇప్పపువ్వు ఏరుకునే, దాచుకునే, వండుకునే, అమ్ముకునే హక్కు గ్రామసభది. దాని మీద కేసుల భయం ఉండొద్దు.

ఇవి సర్కారు చేయాల్సినవి. మనం చేసుకోవాల్సినవి కూడా ఉన్నయ్. ఈ చలికి ఇంటికి పోయినోళ్లు అవ్వల కాడ కూసోండి. గింజ పేరు, గడ్డ పేరు, ఆకు పేరు మన కోయ భాషలనే రాయండి. ఏ నెలల దొరుకుతది, ఏ గుట్ట మీద ఉండేది, ఎప్పటి నుంచి కనపడుతలేదు, ఎందుకు కనపడుతలేదు, అదీ రాయండి. రాసింది ముందు గ్రామసభల పెట్టండి. జీవవైవిధ్య చట్టం 2002 కింద ప్రతి పంచాయతీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలె, అందులో ఎక్కించండి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) మన సంప్రదాయ జ్ఞానం మీద ఊరుమ్మడి హక్కు మనకే ఇచ్చింది. రీల్ తీయొద్దని అనను, తీయండి. కానీ రిజిస్టరుల ఎక్కకముందే రీల్ల ఎక్కితే, రేపు ఏదో ఒక కంపెనీ మన ఇప్పముద్దకు పేరు మార్చి మనకే అమ్ముతది. ఎవరి ఇంట్లనన్నా పాత సామ గింజ పిడికెడు ఉంటే తినేయకండి, పంచుకోండి, వానకాలం వరకు దాచండి.

పాత రుచులు కావాలని పట్నం అడుగుతున్నది. మనం అడిగేది రుచి కాదు. ఆ రుచి పుట్టిన చేను, ఆ గడ్డ పెరిగిన అడవి, ఆ కుండ చుట్టూ కూసునే మనుషులు. ఆ మూడు ఉంటే వంట ఎవ్వరూ నేర్పనక్కర లేదు. మన అవ్వకు అన్నీ యాదికున్నయ్.

జై ఆదివాసీ! జల్ జంగల్ జమీన్ మనదే!