కాటన్ దొర మెడలో దండ, కాలవలో గుర్రపుడెక్క

మే 15 దగ్గరకొస్తోంది, కాటన్ దొర పుట్టినరోజు. మన గోదావరి డెల్టాలో చాలా ఊళ్ల సెంటర్లలో దొర విగ్రహం ఉంటుంది. ఆ రోజు దండలు పడతాయి, ఫోటోలు దిగుతాం. 16వ తారీఖు నుంచి మళ్లీ మామూలే. విగ్రహానికే ఫ్లెక్సీ తాడు కడతాం, కేబుల్ వైరు చుడతాం. దిమ్మె చుట్టూ కొబ్బరి బొండాల డొక్కలు. ఎన్నికలొస్తే పార్టీ కండువా కూడా కప్పేస్తారు. 1899లో పోయిన మనిషికి ఏ పార్టీ అండీ?

ఈమధ్య కొందరు కుర్రాళ్లు ఇంకో మాట అంటున్నారు. "తెల్లోడి విగ్రహం మనకెందుకు, శిస్తు కోసమేగా ఆనకట్ట కట్టింది" అని. ఈ మాటకి కోప్పడక్కర్లేదు. అందులో నిజం ఉంది. 1833 కరువులో గుంటూరు సీమలో జనం ఆకలికి రాలిపోయారు, పొలాలు బీడు పడ్డాయి. కంపెనీ వాళ్లు డబ్బు తీసింది రాబడి లెక్క చూసుకునే. కానీ కంపెనీ లెక్క వేరు, కాటన్ పట్టుదల వేరు. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. రైళ్లకి పోసే డబ్బు కాలవలకి పెట్టండి, కరువులు ఆగుతాయి అని సొంత ప్రభుత్వంతోనే తగువు పెట్టుకున్నాడు. 1878లో, ముసలితనంలో, పార్లమెంటు కమిటీ ముందు నిలబడి జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. ఉద్యోగం కోసమే చేసినవాడికి ఆ అవస్థ దేనికి?

అసలు ఆ కట్టడం సంగతి మన పిల్లలకి చెప్పాలి. అక్కడ గోదావరి లంకల మధ్య పాయలుగా విడిపోతుంది. అందుకే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. కింద ఎంత తవ్వినా ఇసకే. ఇసక మీద రాతికట్టు నిలబెట్టే విద్య కాటన్ ఎక్కడ నేర్చాడనుకున్నారు? తంజావూరు వైపు కావేరి మీద కల్లణై చూసి. అది చోళరాజుల నాటిది. ఈ దేశం వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశాడు. కాబట్టి "తెల్లోడి విగ్రహం" అనే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఆ విగ్రహం వెనకాల కల్లణై కట్టిన మేస్త్రీలున్నారు, కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన మన తెలుగువాడు వీణెం వీరన్న గారున్నారు, ధవళేశ్వరం కొండ రాయి మోసిన కూలీలున్నారు. వాళ్లెవరికీ సెంటర్లో విగ్రహాల్లేవు. దొర విగ్రహం దగ్గరైనా వాళ్ల మాట తలుచుకోకపోతే ఇంకెక్కడ తలుచుకుంటాం?

ఒకసారి మీ ఊరి దిమ్మె మీద పలక చూడండి. ఆవిష్కరించిన నాయకుడి పేరు, చందాదారుల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. దొర ఏం చేశాడో ఒక్క ముక్క ఉండదు. చదివే పిల్లాడికి ఏం తెలుస్తుంది? పేరు, పుట్టిన ఏడు 1803, ఆనకట్ట కట్టిన ఏళ్లు, దాని స్థానంలో 175 గేట్లతో 1982లో పూర్తయిన బ్యారేజీ, దానికింద పారే సుమారు 10 లక్షల ఎకరాలు. ఈ నాలుగు ముక్కలు రాయించడానికి ఎంతవుతుంది?

రోడ్డు పెద్దది చేసేటప్పుడు విగ్రహం తీస్తామంటే కొన్నిచోట్ల గొడవలవుతున్నాయి. రోడ్ల మీద కొత్త విగ్రహాలకి అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నన్నడిగితే ఉన్నదాన్ని మర్యాదగా తీసుకెళ్లి కాలవ గట్టు మీద నిలబెడితే తప్పేం లేదు, దొరకి అదే సరైన చోటు. గోనెపట్టా కప్పి పంచాయతీ షెడ్డులో పడేస్తేనే తప్పు. ఇంకో సంగతి, కొన్ని ఊళ్లల్లో అంబేద్కర్ గారి విగ్రహాన్ని ఇనప చువ్వల బోనులో పెట్టుకోవాల్సి వస్తోంది. ఆ బోను ఆయనకి అవమానం కాదు, ఆ ఊరికి.

ఇక కాలవల సంగతి. దొరకి దండేసిన చేత్తోనే చెత్త సంచీ కాలవలోకి విసురుతున్నాం. గుర్రపుడెక్క అడ్డం పడి శివారు రైతుకి నీరందక, ఆకుమడి ఎండిపోయి వంతుల కోసం కొట్టుకుంటున్నాం. ఆయన విగ్రహానికి దీన్ని మించిన అవమానం ఏ దుండగుడూ చెయ్యలేడు.

మే నెలలో ఎలాగూ కాలవలు కట్టేసి ఉంటాయి. అందుకని మా ఊళ్లో ఈసారి ఫ్లెక్సీలు వద్దనుకున్నాం. ఆ డబ్బుల్లో సగం పలకకి, సగం జేసీబీ డీజిలుకి. 15న పొద్దున్నే దిమ్మె కడిగి, దండ వేసి, అక్కణ్ణుంచి నేరుగా పంట బోదె మీదకి వెళ్తాం. పారలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, మజ్జిగ మాత్రం కమిటీదే. మీ ఊళ్లల్లో ఏం అనుకుంటున్నారో కింద రాయండి.