తరంగంబాడి తీరాన ఒక దినము



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వారమైన మనకు సముద్రమంటే బైబిలులో చదివినదే గాని, కళ్లారా చూసినవారు తక్కువ. గలిలయ సముద్రము మీద తుపాను లేచిన సంగతి సండేస్కూలులో చెబుతుంటే, "అల అంటే ఎట్లుంటుంది అయ్యగారూ?" అని పిల్లలు అడుగుతారు. వారికి చూపడానికి మన దగ్గర చెరువు తప్ప మరొకటి లేదు. కుటుంబమంతా ఒకసారి సముద్ర తీరానికి వెళ్లి రండి అని సంఘంలో చెబితే రెండు మాటలు వినబడతాయి. "విహారయాత్రలు లోకస్థులకు గాని విశ్వాసులకెందుకు?" అనేది ఒకటి. "అందరమూ పోతే ఆవులకు పాలు పిండేదెవరు?" అనేది రెండవది. ఈ నెల ఈ రెండు మాటలను గూర్చి ఆలోచిద్దాము.

మొదట, ఎక్కడికి వెళ్లాలి? జనసమ్మర్దము లేక పిల్లలతో నెమ్మదిగా కూర్చోదగిన తీరము తమిళనాడులో ఒకటున్నది. దాని పేరు తరంగంబాడి. మయిలాడుతురై జిల్లాలో, కారైకాల్ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరము. మదనపల్లె నుండి చిత్తూరు, వేలూరు, తిరువణ్ణామలై, విల్లుపురం, చిదంబరం మీదుగా సుమారు 400 కిలోమీటర్లు ఉంటుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి వ్యాను మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చును. రైలులో వెళ్లేవారు మయిలాడుతురై జంక్షనులో దిగి బస్సు ఎక్కవచ్చును.

ఆ ఊరిని 1620లో డెన్మార్కు దేశపు వర్తకులకు ఇచ్చినవాడు తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు. ఆయన తెలుగు కవి కూడా. ఆ ఏడు మొదలుకొని డేన్లు కట్టిన డాన్స్‌బోర్గ్ కోట నేటికీ అలల ఎదుట నిలిచియున్నది. 1845లో వారు ఆ ఊరిని ఆంగ్లేయులకు అమ్మి వెళ్లిపోయారు. వర్తకము పోయినది గాని, అక్కడ విత్తబడిన వాక్యము పోలేదు.

1706 జూలై 9న బర్తొలొమేయు జీగెన్‌బాల్గ్, హెన్రీ ప్లూచౌ అను ఇద్దరు జర్మను యౌవనులు ఆ తీరాన దిగారు. వారిని పంపినవాడు డెన్మార్కు రాజైన నాల్గవ ఫ్రెడరిక్. మన దేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టంటు మిషనరీలు వీరే. జీగెన్‌బాల్గ్ వీధిబడి పిల్లల సరసన కూర్చుండి, ఇసుకలో వ్రేలితో దిద్దుతూ తమిళ అక్షరాలు నేర్చుకున్నాడు. ఒక విధవరాలి పక్షాన మాట్లాడిన వ్యవహారములో డేనిష్ అధికారియే ఆయనను నాలుగు నెలలు చెరలో ఉంచాడు. అయినా ఆయన పని ఆగలేదు. 1715లో తమిళ క్రొత్త నిబంధన అచ్చయినది. 1718లో ఆయన ప్రతిష్ఠించిన న్యూ జెరూసలేము దేవాలయములోనే, మరుసటి ఏడు, 36 ఏండ్ల ప్రాయమందు ఆయనను సమాధి చేశారు. మీ పిల్లలు తరంగంబాడి ఇసుకలో తమ పేర్లు వ్రాసుకొనునప్పుడు ఈ కథ చెప్పండి.

ఈ ఊరికి తెలుగువారమైన మనము ఋణపడియున్నాము. 1719లో అక్కడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశాడు. అది అచ్చుకు నోచుకోలేదు గాని, 1746లో జర్మనీలోని హాలె పట్టణములో ఆయన అచ్చు వేయించిన చిన్న పుస్తకాలే తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పబడుచున్నవి. మదనపల్లె వారికి మరింత దగ్గరి సంగతి ఒకటి. పలు మిషనులు కలిసి 1912లో స్థాపించిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి మొదటి సూపరింటెండెంటైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ డెన్మార్కు దేశస్థుడే.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాము. విశ్రాంతి పాపమా? మార్కు సువార్త ఆరవ అధ్యాయములో, భోజనము చేయుటకైనను తీరికలేని శిష్యులను ప్రభువే ఏకాంత స్థలమునకు పిలిచాడు. యోహాను ఇరువదియొకటవ అధ్యాయములో, రాత్రంతా శ్రమపడి వచ్చిన వారికి ఆయన సముద్ర తీరాననే నిప్పులు వేసి భోజనము సిద్ధపరచాడు. విశ్రాంతిని ఇచ్చినవాడు ఆయనైతే, దానిని కాదనుట భక్తి కానేరదు. అయితే అప్పు చేసి వెళ్లవద్దు. టమాటా ధర బాగున్న నెలలో కొంత తీసి పక్కన పెట్టండి. ధర పడిపోయిన ఏడు ఆగి, మరుసటి ఏడు వెళ్లండి.

రెండవ మాట బరువైనది. మన ఇండ్లలో ప్రయాణమంటే అయ్య, పిల్లలు వెళ్లడము, అమ్మ మిగలడము. పేడ ఎత్తడానికి, పాలు పిండడానికి, ముసలి అత్తకు సంగటి పెట్టడానికి ఆమె ఉండిపోవాలి. కోడిపుంజు కంటె ముందు లేచి, అందరూ పడుకున్న తరువాత పడుకొనే ఆ తల్లికి ఏడాదిలో ఒక్క దినమైనా సెలవున్నదా? సహోదరులారా, దీనికి జవాబు సంఘములోనే ఉన్నది. ఈ వారము నీ ఆవులను నేను చూస్తాను, వచ్చే నెల నా ఆవులను నీవు చూడు అని రెండు ఇండ్లవారు మాట్లాడుకుంటే చాలును. ఒకరి భారము ఒకరు మోయుట అంటే ఇదే. అక్కడ కూడా ఆమె చేత పొయ్యి వెలిగించవద్దు. ఆ ఒక్క దినము హోటలులో తినండి, లేదా మగవారే వడ్డించండి.

ఒక హెచ్చరిక. తీరము నెమ్మదిగా కనబడినా అది బంగాళాఖాతము. ఈత రాని మనము పాదాలు తడుపుకొని వెనుకకు రావాలి. పిల్లల చేయి విడువవద్దు. అక్కడి జాలరులు వద్దన్న చోట దిగవద్దు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలము గనుక, సంక్రాంతి సెలవులు మేలు. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, సునామీ ఆ తీరమును ముంచివేసింది. నాటి నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా చనిపోయారు. ఆ ఇసుక మీద మీరు ప్రార్థించునప్పుడు, బిడ్డలను పోగొట్టుకొని మరల అదే సముద్రము మీదికి వలలతో వెళ్లుచున్న కుటుంబములను జ్ఞాపకము చేసుకొనండి. వారి దగ్గర చేపలు కొంటే బేరమాడవద్దు.

సాయంకాలము అందరూ ఇసుకలో కూర్చుండి ఒక పాట పాడి, ఇంటి పెద్ద గాక ఈసారి ఇంటి తల్లి ప్రార్థన చేయనీయండి. సముద్రమును, ఆరిన నేలను చేసిన దేవుడు మీ ఇంటికి నెమ్మది అనుగ్రహించును గాక. ఆమేన్.